ఇంటికి కాపలా ఉండాల్సిన సైన్యాన్ని దేశం దాటించొచ్చా? కత్రినా, బుడమేరు – మీరేమంటారు

సింగ్‌నగర్_వాసు (థ్రెడ్ మొదలు)

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి కత్రినా తుఫాను మీద ఒక ప్రోగ్రాం చూశానండి. 2005 ఆగస్టు 29న అమెరికాలో లూసియానా తీరం దాటింది, న్యూ ఆర్లీన్స్ ఊరికి చుట్టూ ఉన్న కట్టలు తెగి దాదాపు ఎనభై శాతం ఊరు మునిగిపోయింది, జనం ఇళ్ళ పైకప్పుల మీద కూర్చుని హెలికాప్టర్ కనిపిస్తే బట్టలు దుప్పట్లు లాంటివి ఊపుతున్నారు, అది చూడలేక మధ్యలో టీవీ కట్టేశా. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా డాబా మీద మేమూ అట్టాగే ఊపాం కాబట్టి. మళ్ళీ ఆన్ చేసి చూస్తే అప్పుడు చెప్పారు, ఆ టైముకి లూసియానా నేషనల్ గార్డ్ వాళ్ళు మూడు వేల మంది దాకా ఇరాక్‌లో ఉన్నారంట, 256వ బ్రిగేడ్. పక్కన మిసిసిపీ రాష్ట్రం వాళ్ళ 155వ బ్రిగేడ్ కూడా అక్కడే. అంటే సొంతూరు మునుగుతుంటే ఆ ఊరి కోసం పెట్టుకున్న మనుషులు వేల మైళ్ళ అవతల ఎడారిలో ఉండి టీవీలో చూశారన్నమాట.

నాకు ఇది తప్పనే అనిపిస్తోంది. రెగ్యులర్ ఆర్మీ ఎటూ ఉంది గదా, ఈ గార్డ్ లాంటి రిజర్వు వాళ్ళని ఇంటి దగ్గర ఉంచాలి. ఆర్మీ సంగతులు తెలిసినవాళ్ళు చెప్పండి, నేను తప్పయితే ఒప్పుకుంటా.

గుంటూరు_కుర్రోడు

వాసన్నా, నేషనల్ గార్డ్ అంటే మన హోంగార్డు లాంటిదా? హోంగార్డుని ఇరాక్ ఎట్టా పంపుతారు?

డాలస్_తెనాలోడు

కాదు తమ్ముడూ, హోంగార్డుతో పోలిక కుదరదు. వీళ్ళు పూర్తి సైనికులు, ట్యాంకులు ఫిరంగులు కూడా ఉంటాయి. కాకపోతే రోజూ డ్యూటీ ఉండదు, నెలకో వారాంతం, ఏడాదికి ఒక రెండు వారాలు ట్రైనింగు, మిగతా రోజుల్లో ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుంటారు. మామూలప్పుడు రాష్ట్ర గవర్నర్ చేతి కింద ఉంటారు, ఇక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లెక్క. వరదొచ్చినా గొడవలైనా ఆయన పిలుస్తాడు. అదే ప్రెసిడెంటు పిలిస్తే ఫెడరల్ కింద ఎక్కడికైనా పోవాల్సిందే. ఒక్క మనిషికి ఇద్దరు యజమానులు, సమస్య అంతా అక్కడే ఉంది.

మా ఆఫీసులో ఒకాయన గార్డ్‌లో చేస్తాడు. మొన్నటిదాకా నా పక్క సీట్లో కూర్చుని పనిచేసినోడు, ఒక సోమవారం వచ్చి ఏడాది పాటు కువైట్ పోతున్నానని చెప్పాడు. ఉద్యోగం తీసెయ్యకూడదని చట్టం ఉంది, 1994 నాటిది, కాబట్టి సీటు ఉంచారు. కానీ వాళ్ళావిడ ఇద్దరు పిల్లలతో ఆ ఏడాది పడిన అవస్థ మేం కళ్ళారా చూశాం.

రేపల్లె_ఫౌజీ

వాసు బాబూ, నేను ఇరవై రెండేళ్ళు సర్వీస్ చేసి వచ్చినవాణ్ణి. రెగ్యులర్‌లో చేశా, రిజర్వు కాదు, అయినా చెబుతా. సైనికుడు నేను ఇక్కడికైతే వస్తా అక్కడికైతే రానంటే సైన్యం నడవదు. సంతకం పెట్టినప్పుడే ఆ మాట అయిపోయింది. మన టెరిటోరియల్ ఆర్మీ కూడా 1949 నుంచి ఉంది, వాళ్ళూ ఊళ్ళో ఉద్యోగం వ్యాపారం చేసుకుంటూ ఏడాదికి కొన్నాళ్ళు యూనిఫాం వేసుకునేవాళ్ళే, 1965లోనూ 1971లోనూ యుద్ధంలో పనిచేశారు. శ్రీలంకలో శాంతిసేన టైములో కూడా వాళ్ళున్నారు. ఎవరూ గొణగలేదు.

కాబట్టి పంపడమే తప్పు అనే మాట నేను ఒప్పుకోను. ఎంతమందిని, ఎంతకాలం, ఏ పనికి, అది మాట్లాడండి.

లాయర్_బ్రాడీపేట

చట్టం సంగతి నేను చెబుతాను, ఇది అక్కడ కోర్టు దాకా వెళ్ళిన వ్యవహారం. 1980ల్లో గార్డ్ వాళ్ళని ట్రైనింగ్ పేరుతో హోండురాస్ లాంటి మధ్య అమెరికా దేశాలకి పంపుతుంటే కొందరు గవర్నర్లు మా వాళ్ళని పంపం అన్నారు. వెంటనే 1986లో వాళ్ళ పార్లమెంటు చట్టం మార్చేసింది, పంపే చోటు నచ్చలేదనో పంపే పని నచ్చలేదనో గవర్నర్ అడ్డుచెప్పడానికి లేదు అని. మిన్నెసోటా గవర్నర్ రూడీ పెర్పిచ్ కేసు వేశారు, 1990లో సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒక్కమాట మీద ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అయితే ఆ తీర్పులో ఒక చిన్న సందు ఉంచారు, అదే వాసు గారి ప్రశ్నకి దగ్గరగా ఉంటుంది. ఆ ట్రైనింగ్ వల్ల సొంత రాష్ట్రంలో ఆపద వచ్చినప్పుడు ఆదుకునే శక్తి పోతుందంటే గవర్నర్ అభ్యంతరం చెప్పొచ్చు. అంటే ఇంటి ఆపద అనేది ఒక కారణమే అని కోర్టు కూడా గుర్తించింది. యుద్ధానికి పిలిస్తే మాత్రం ఆ సందు కూడా పనికిరాదు.

ఇంకో సంగతి, 2003లో ఇరాక్‌కి సైన్యం పంపమని అమెరికా మనల్ని కూడా అడిగింది. ఒక డివిజన్, పదిహేను వేల పైచిలుకు మంది. వాజపేయి ప్రభుత్వం జూలైలో కుదరదని చెప్పేసింది, ఐక్యరాజ్యసమితి ఆదేశం స్పష్టంగా లేకుండా పంపం అని. ఈ దేశం తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటని నా గట్టి నమ్మకం.

మంగళగిరి_శ్రీను

వాసు గారూ, మీ బాధ అర్థమైంది గానీ కత్రినాలో తప్పు మొత్తం ఇరాక్ మీద తోసెయ్యడం కరెక్ట్ కాదండి. నేను దీని గురించి బాగానే చదివా. మిగిలిన రాష్ట్రాల నుంచి వచ్చిన గార్డ్ వాళ్ళంతా కలిపితే యాభై వేలు దాటారు, అమెరికాలో ఒక ప్రకృతి విపత్తుకి అంతమంది గార్డ్‌ని దింపడం అదే మొదలు. రాష్ట్రాల మధ్య సాయం చేసుకునే ఒప్పందం 1996 నుంచే ఉంది. మనుషులు లేక కాదు, రావడం ఆలస్యమైంది, ఎవరు ఎవర్ని పిలవాలో తేల్చుకోలేకపోయారు, ప్రెసిడెంటుకీ గవర్నర్‌కీ మధ్య పెత్తనం ఎవరిదనే గొడవ నడిచింది. ఇంకా ఘోరం ఏంటంటే లూసియానా గార్డ్ హెడ్‌క్వార్టర్స్ జాక్సన్ బారక్స్ కూడా అదే ఊళ్ళో ఉంది, అదీ మునిగింది. ఉన్నవాళ్ళ బండ్లూ రేడియోలూ నీళ్ళపాలయ్యాయి, వాళ్ళనే బోట్లేసుకుని బయటికి తీయాల్సొచ్చింది. ఇరాక్ పోయిన మూడు వేలమంది ఊళ్ళో ఉన్నా అదే బిల్డింగులో ఇరుక్కునేవాళ్ళేమో ఎవరు చెప్పగలరు?

డాలస్_తెనాలోడు

శ్రీను గారూ, మీరు మనుషుల లెక్క చెప్పారు, సామాను లెక్క కూడా చూడండి. వాళ్ళ ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2005 అక్టోబర్‌లో రిపోర్టిచ్చింది, అప్పటికే గార్డ్ సామాన్లు లక్షకి పైగా విదేశాలకి పోయే యూనిట్లకి బదిలీ చేసేశారని, ఇక్కడ మిగిలిన యూనిట్ల దగ్గర ఉండాల్సిన దాంట్లో మూడో వంతే ఉందని. లారీలు, రేడియోలు, రాత్రి చూపు కళ్ళద్దాలు, అన్నీ. మనిషి తిరిగొచ్చినా అతనితో వెళ్ళిన బండి చాలాసార్లు రాలేదు, తర్వాత వచ్చే యూనిట్ కోసమని అక్కడే ఉంచేశారు.

2007 మే 4న కాన్సాస్‌లో గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊరు టోర్నడోకి తొంభై ఐదు శాతం నేలమట్టమైంది. అప్పటి గవర్నర్ కాథ్లీన్ సెబేలియస్ బయటికొచ్చి చెప్పింది, శిథిలాలు తియ్యడానికి మా గార్డ్ దగ్గర ఉండాల్సిన లారీలు, బండ్లు ఇరాక్‌లో ఉన్నాయి అని. వైట్‌హౌస్ ఒప్పుకోలేదనుకోండి. కానీ ఆ మాటతో దేశమంతా చర్చ లేచింది.

అటు తర్వాత 2017లో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచినప్పుడు మా టెక్సాస్ గవర్నర్ రాష్ట్రం గార్డ్ మొత్తాన్ని, పన్నెండు వేల మంది దాకా, ఒక్కసారి దింపాడు. మా అపార్ట్‌మెంట్ నుంచి కూడా వలంటీర్లుగా పోయాం, పెద్ద చక్రాల ఆర్మీ లారీలు నడుం లోతు నీళ్ళలో పోతుంటే వెనక ముసలివాళ్ళు, పిల్లలు, కుక్కలు. ఆ లారీలు ఊళ్ళో ఉన్నాయి కాబట్టే అది జరిగింది.

కృష్ణలంక_లక్ష్మి

నేను నర్సుని, నా వైపు నుంచి ఒక మాట. గార్డ్‌లో ఉండేవాళ్ళు మామూలు రోజుల్లో ఏం చేస్తారు? పోలీసులు, ఫైర్ వాళ్ళు, అంబులెన్స్ వాళ్ళు, నర్సులు, వీళ్ళే చాలామంది ఉంటారు. అంటే అలాంటి మనిషిని ఏడాది పాటు బయటికి పంపితే ఆ ఊరికి ఒక సైనికుడే కాదు, ఒక నర్సు కూడా పోయినట్టే. మా వార్డులో ఒక్క సీనియర్ సిస్టర్ ప్రసవానికి సెలవు పెడితేనే నైట్ డ్యూటీలు సర్దుకోడానికి ఆర్నెల్లు తలకిందులయ్యాం. చిన్న ఊళ్ళలో ఒక యూనిట్ మొత్తం ఒకే ఊరి వాళ్ళు ఉంటే ఇక ఆ ఊరి సంగతేంటి?

సింగ్‌నగర్_వాసు

శ్రీను గారూ, మనుషులు ఎక్కడి నుంచైనా వస్తారు అన్నారు కదా. దానికి నేను చూసింది చెబుతా, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2024 ఆగస్టు 31న మొదలైన వానకి సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున్నకల్లా బుడమేరు నీళ్ళు మా వీధిలోకొచ్చాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా పొంగుతోంది, తర్వాతి రోజుకి 11.43 లక్షల క్యూసెక్కులు. మధ్యాహ్నానికి కింద వాటా మునిగింది. మేం పై వాటాలో. అమ్మకి షుగర్, రోజుకి రెండుసార్లు ఇన్సులిన్. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, మా ఆవిడ ఇన్సులిన్ సీసాని పాలిథీన్ కవర్లో పెట్టి రబ్బరుబాండ్ చుట్టి మట్టికుండలో నీళ్ళలో వేలాడదీసింది, కవరు మూతి కుండ అంచుకి బట్టల క్లిప్పు పెట్టి. తాగడానికి ఉన్న నీళ్ళు కూడా ఆ కుండలోవే. కాబట్టి దాహమేసినా కుండలో నీళ్ళు ఒక గీత కిందికి దిగకుండా చూసుకున్నాం, దిగితే సీసా బయటికి తేలుతుంది. పిల్లాడు గ్లాసు పట్టుకుని నిలబడితే మా ఆవిడ అర గ్లాసు పోసి మొహం తిప్పుకునేది. మూడు రోజులు.

మూడో రోజు ఎన్డీఆర్ఎఫ్, అదే కేంద్రం విపత్తు సాయం దళం, వాళ్ళ బోటు వచ్చింది. గాలి బోటు. దేవుళ్ళండీ వాళ్ళు, నేనెప్పటికీ మర్చిపోను. కానీ వాళ్ళు మన రాష్ట్రం వాళ్ళు కాదు, ఆ టైములో తమిళనాడు, ఒడిశా, పంజాబ్ నుంచి కూడా టీములు దింపారు. వాళ్ళకి మా సందు ఎట్టా తెలుస్తుంది? నీళ్ళ కింద ప్రతి ఇంటికీ కాంపౌండ్ గ్రిల్లు ఉంది, పైన బల్లేల్లాగా మొనలు, గాలి బోటుకి ఒక్క మొన తగిలితే అయిపోయింది. వీధి చివర ఆగిపోయి హిందీలో అరుస్తున్నారు. అప్పుడు మా ఎదురింటి కుర్రాడు, ఇంటర్ అయిపోయినోడు, పిట్టగోడ మీంచి నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ వెళ్ళి బోటు ముందు భాగం పట్టుకున్నాడు. ఇక్కడ కాలవ, ఇక్కడ గ్రిల్లు, ఇక్కడ బండి పడుంది అని చేత్తో చూపిస్తూ కాలితో తడుముతూ మా గుమ్మం దాకా తెచ్చాడు. అమ్మని వాళ్ళు కుర్చీతో సహా దించారు.

అందుకే అంటున్నా. యాభై వేల మంది వచ్చారంటే నిజమే, వచ్చారు. కానీ ఆ ఊళ్ళో పుట్టినవాడికి తెలిసింది వేరే రాష్ట్రం నుంచి కాన్వాయ్‌లో వచ్చినవాడికి తెలియదు. ఆ మూడు వేల మందిలో ఎంతమందికి ఆ వీధులు కళ్ళు మూసుకుని తెలుసో.

గుంటూరు_కుర్రోడు

అన్నా చదువుతుంటే గొంతు పట్టుకుపోయింది. అమ్మగారు ఇప్పుడు బాగున్నారా?

సింగ్‌నగర్_వాసు

బాగుంది తమ్ముడూ. కుండ మాత్రం పారెయ్యనివ్వట్లేదు.

మంగళగిరి_శ్రీను

వాసు గారూ, అమ్మగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. మీ మాటలో బలం ఉంది, కాదనను. కానీ ఒక్కటి ఆలోచించండి, ఆ రోజు ఖమ్మంలో మున్నేరు కూడా పొంగింది. రెండు రాష్ట్రాలు ఒకేసారి. ఎవరూరి వాళ్ళని ఆ ఊళ్ళోనే ఉంచుతామని అందరూ పట్టుబడితే పంజాబ్ వాళ్ళు మనకి ఎందుకొస్తారు? బుడమేరు గండ్లు పూడ్చడానికి చివర్లో ఆర్మీ ఇంజనీర్లు దిగారు, ఇనప వల బుట్టల్లో రాళ్ళేసి అడ్డుకట్ట కట్టారు. ఆ పనితనం వాళ్ళకి ఎక్కడి నుంచొచ్చింది? రకరకాల చోట్ల పనిచేస్తేనే కదా. ఇరాక్‌లో రోడ్లు వంతెనలు వేసొచ్చిన గార్డ్ వాళ్ళు ఇంటికొచ్చాక వరదల్లో ఇంకా బాగా పనిచేస్తారు. కదలకుండా కూర్చున్న దళం తుప్పు పడుతుంది.

రేపల్లె_ఫౌజీ

శ్రీను చెప్పింది సగం నిజం. అనుభవం వస్తుంది, దానికి ఖర్చు కూడా ఉంటుంది. నా సంగతి చెబుతా, ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

నేను శ్రీలంక వెళ్ళా. 1987లో పోయిన మన శాంతిసేన 1990 మార్చిలో పూర్తిగా తిరిగొచ్చింది. పన్నెండు వందల మంది దాకా పోగొట్టుకున్నాం అక్కడ. నేను చివరి నెలల్లో వచ్చా. మే నెలలో సెలవు దొరికి ఇంటికొస్తే 9వ తారీఖు తుఫాను, మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది, రాష్ట్రంలో తొమ్మిది వందల మంది పైనే పోయారు. మా ఊరు సముద్రానికి దగ్గర. 77 నవంబర్ ఉప్పెనలో దివిసీమ ఏమైందో మా పెద్దోళ్ళకి తెలుసు కాబట్టి గాలి మొదలవగానే జనానికి కాళ్ళు చేతులు ఆడలేదు. రేకులు కత్తుల్లాగా ఎగురుతున్నాయి. నేను బావి దగ్గర చేంతాడు కోసి నా నడుముకి కట్టుకుని రెండో కొస మా వేపచెట్టుకి బిగించి, బడి దాకా పాకుకుంటూ పోయి అక్కడ కిటికీ ఊచకి కట్టా. ఆ తాడు పట్టుకుని మా బజారు వాళ్ళు ముప్ఫై మంది దాకా బళ్ళోకి చేరారు. మా అమ్మ, మా చెల్లెలూ అందులోనే ఉన్నారు. ఆ ముడి నాకు జాఫ్నా దగ్గర కాలవ దాటేటప్పుడు నేర్పారు.

శ్రీనూ, నువ్వన్నట్టు అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ పనికొచ్చింది. కానీ ఆ గాలి కొన్ని నెలలు ముందే వచ్చుంటే ఆ ముడి వేసేవాడు శ్రీలంకలో ఉండేవాడు. ఈ ముప్ఫై ఐదేళ్ళలో ఇది తలచుకోని తుఫాను సీజన్ లేదు నాకు.

అందుకని పంపొద్దనడం లేదు. ఒక జిల్లా వాళ్ళనందర్నీ ఒకేసారి పంపొద్దు. ఆ జిల్లా గాలివాన నెలల్లో అసలు పంపొద్దు. సామాను ఇక్కడిది ఇక్కడే ఉండాలి, అక్కడికి వేరే కొనుక్కోండి.

కృష్ణలంక_లక్ష్మి

బాబాయ్ గారూ మీకు దండం.

ఒక సందేహం. యుద్ధానికి కాకుండా సాయానికి పంపితే? 2011లో జపాన్ సునామీకి మన ఎన్డీఆర్ఎఫ్ నలభై ఆరు మంది వెళ్ళారు, 2015లో నేపాల్ భూకంపానికి, 2023 ఫిబ్రవరిలో టర్కీకి కూడా వెళ్ళారు. ఆర్మీ ఫీల్డ్ హాస్పిటల్ కూడా పెట్టారు టర్కీలో. అదీ తప్పే అంటారా వాసన్నా? నేనైతే వెళ్ళాలనే అంటా. శిథిలాల కింద ఉన్నవాడికి దేశం ఏంటి.

సింగ్‌నగర్_వాసు

అది తప్పని ఎప్పుడూ అనను లక్ష్మీ. టర్కీకి పోయింది ఘజియాబాద్, కోల్‌కతా వైపు బెటాలియన్ల వాళ్ళు, పది పదిహేను రోజుల్లో తిరిగొచ్చేశారు, పైగా ఫిబ్రవరి, మనకి తుఫాన్లు లేని కాలం. మన కొండపావులూరు ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ ఇక్కడే ఉంది. ఇరాక్ అట్టా కాదు, ఒక్కో యూనిట్ ఏడాది పైనే, తిరిగొచ్చాక మళ్ళీ మళ్ళీ. ఒక దశలో అక్కడున్న అమెరికా సైన్యంలో పది మందికి నలుగురు గార్డ్, రిజర్వు వాళ్ళేనట. పది రోజులు చేయి అందించడం వేరు, ఏళ్ళ తరబడి తలుపు తీసిపెట్టి పోవడం వేరు.

బాబాయ్ గారు చెప్పాక నా మొదటి పోస్టులో మాట మార్చుకుంటున్నా. పంపకూడదు అనను. ఇంటి దగ్గర ఎవరు మిగులుతారో లెక్క చెప్పి, ఆ లెక్క ఆ రాష్ట్రం ఒప్పుకుని, అప్పుడు పంపాలి. లాయర్ గారన్న ఆ సందు యుద్ధానికి కూడా వర్తించాలి.

లాయర్_బ్రాడీపేట

అలా అయితే ప్రతి రాష్ట్రం నాకు ఆపద ఉందంటుంది, యుద్ధం చెయ్యలేరు అని అక్కడి వాదన. వియత్నాం టైములో రిజర్వులని పెద్దగా పిలవలేదు, ఊళ్ళకి యుద్ధం తగల్లేదు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత 1970ల్లో వాళ్ళ ఆర్మీ చీఫ్ జనరల్ అబ్రామ్స్ లాంటివాళ్ళు కావాలనే రిజర్వులని రెగ్యులర్ సైన్యంతో ముడేశారంటారు, యుద్ధానికి పోవాలంటే ప్రతి ఊరి నుంచీ మనిషి పోవాలి, అప్పుడే ప్రభుత్వం ఒకటికి పదిసార్లు ఆలోచిస్తుందని. ఆలోచన మంచిదే. 2003లో ఇరాక్ యుద్ధాన్ని అది ఆపలేకపోయింది, ఊళ్ళు మాత్రం ఖాళీ అయ్యాయి.

గుంటూరు_కుర్రోడు

మన దగ్గర టెరిటోరియల్ ఆర్మీ వాళ్ళు వరదలకి వస్తారా మరి?

రేపల్లె_ఫౌజీ

వస్తారు బాబూ. 2024 జూలైలో వయనాడ్‌లో కొండ విరిగిపడ్డప్పుడు 122వ బెటాలియన్ టీఏ వాళ్ళు ముందే దిగారు. మోహన్‌లాల్ గౌరవ హోదాలో ఉన్నది ఆ బెటాలియన్‌లోనే, ఆయన యూనిఫాంలో వెళ్ళింది చూసే ఉంటావు. దగ్గర్లో ఉన్నారు కాబట్టి, అక్కడి భాష వచ్చు కాబట్టి అంత త్వరగా పని మొదలైంది.

మంగళగిరి_శ్రీను

దగ్గర, భాష, దారి. సరే, ఈ మూడింటి దగ్గర నేను ఆగుతున్నా. పెత్తనం గొడవ లేకుండా ఉంటే కత్రినాలో ఎక్కువమంది బతికేవాళ్ళనే మాట మీద మాత్రం ఉంటా.

వాసు గారూ, ఆ ఎదురింటి కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడు?

సింగ్‌నగర్_వాసు

అగ్నివీర్‌కి సెలెక్టయ్యాడండి. పోయిన నెలే ట్రైనింగుకి వెళ్ళాడు. రైలెక్కించడానికి మేమూ వెళ్ళాం, వాళ్ళమ్మ ప్లాట్‌ఫాం మీద మా అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

వెళ్ళే ముందు రెండు సాయంత్రాలు వాడూ నేనూ కూర్చుని లాంగ్‌నోట్‌బుక్‌లో మా ఆరు వీధులూ గీశాం. ఏ ఇంటికి మొనల గ్రిల్లు ఉంది, కాలవ మూత ఎక్కడ లేదు, ఎవరి డాబాకి బయట మెట్లున్నాయి, మంచం పట్టినవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారు, ఇన్సులిన్ వాళ్ళు ఎవరు, అన్నీ. బోటు ఎక్కడిదాకా పోతుందో నీలం పెన్నుతో వాడే గీశాడు. ఇది కొండపావులూరు బెటాలియన్ వాళ్ళకి ఒక కాపీ ఇవ్వాలనుంది, ఎవరి ద్వారా ఇవ్వాలో తెలియట్లేదు.

కృష్ణలంక_లక్ష్మి

అన్నా ఫోటోలు తీసి నాకు మెసేజ్ పెట్టు. మా హాస్పిటల్‌లో మాక్ డ్రిల్‌కి బెటాలియన్ వాళ్ళు వస్తుంటారు, ఈసారి వచ్చినప్పుడు చేతికే ఇస్తా. మంచం పట్టినవాళ్ళ పేజీ విడిగా తియ్యి, దాన్లో ఎవరికి ఆక్సిజన్ ఉందో కూడా రాయి.

రేపల్లె_ఫౌజీ

పక్కనే ప్రతి ఇంటికీ ఈత వచ్చినవాళ్ళు ఎవరో రాయండి. ఊళ్ళో ఉన్నవాళ్ళవే రాయండి.